ఒకే ధర బోర్డు

డబ్బు కట్టి బుద్ధి కొనుక్కోవడం నా జీవితంలో ఒక్కసారే జరిగింది. ఇప్పుడు పట్నంలో అదొక పెద్ద వ్యాపారమట. జీవితం ఎట్లా నడపాలో, దుకాణం ఎట్లా పెంచాలో ఫీజు తీసుకుని చెప్తారట. చేరమంటావా అని మా బంధువుల పిల్లలు నన్ను అడుగుతుంటారు. మా ఇంట్లో ఆ పని అందరికన్నా ముందు చేసిన ఘనుడిని నేనే కదా! అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కాదు. చెప్పబోతే కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చేరాలో వద్దో చదివిన వాళ్లే తేల్చుకోవాలి.

కల్వకుర్తిలో మాకు బట్టల దుకాణం ఉండేది. శ్రీశైలం పోయే బస్సులు ఆగే చోటికి దగ్గర. లోపల కుర్చీలు, బల్లలు లేవు. నేలంతా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. వచ్చిన వాళ్లు చెప్పులు బయట విడిచి, కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు. ఒక గోడకు నిలువుటద్దం, ఆడవాళ్లు చీర భుజాన వేసుకుని చూసుకోవడానికి. దుకాణం వెనకే ఇల్లు. పప్పు పోపు వేస్తే ఆ వాసన చీరల దాకా వచ్చేది.

ఏడాదంతా తువ్వాలలు, లుంగీలు, బడిపిల్లల డ్రెస్సు బట్టలు అమ్మినా మేము బతికింది పెండ్లిళ్ల మీదనే. పెండ్లి బట్టలంటే ఇద్దరు వచ్చి రెండు చీరలు కొనుక్కుని పోవడం కాదు. ఆడపిల్ల వైపు వాళ్లు, మగపిల్లవాడి వైపు వాళ్లు కలిసి పది పదిహేను మంది వస్తారు. వాళ్లతో పాటు ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన తప్పకుండా ఉంటాడు. ఆడవాళ్లు చీరలు తిరగేస్తారు, మగవాళ్లు ధోతుల అంచులు చూస్తారు. పెద్దమనిషి మాత్రం గోడకు ఆనుకుని చాయ్ తాగుతుంటాడు. ఆయన పని అన్నిటికన్నా చివర వస్తుంది.

లెక్క కలిపాక మొదట పెండ్లికొడుకు తండ్రి తగ్గించమని అడుగుతాడు. మా బాపు కుదరదంటాడు. తర్వాత మేనమామ అడుగుతాడు. బాపు తల అడ్డంగా ఊపి, నచ్చకపోతే మళ్లీ మడత పెడతానని చీరల మీద చెయ్యి కూడా వేస్తాడు. అందరి వంతూ అయిపోయాక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "నా మాట మీద జర తీసెయ్యి సావుకారీ" అంటాడు. బాపు కాసేపు ఏమీ అనడు. ఆ తర్వాత కలానికి మూత పెట్టి, "నీ మాటకు అడ్డం చెప్తనా పటేలా" అని ఆయన అడిగినంతా తగ్గిస్తాడు. కొత్త తువ్వాల ఒకటి తీసి ఆయన భుజం మీద కప్పుతాడు. అక్కడితో బేరం అయిపోయినట్టు.

తగ్గించబోయేది బాపు ముందే ధరలో కలిపేవాడు. ఆ సంగతి పెద్దమనిషికి తెలుసు. అడిగిన వాళ్లలో సగం మందికి తెలుసు. అయినా ఆ క్షణంలో అందరూ ఆయన ముఖంలోకే చూసేవాళ్లు. బాపు ఆ భాగానికి 'పెద్దరికం' అని పేరు పెట్టుకున్నాడు. ఎనభైలలో నేను హైస్కూలు చదువుతూ సెలవుల్లో దుకాణంలో కూర్చుని చీరలకు ధర చీటీలు రాసేవాణ్ని. రాసిన ప్రతిసారీ, పెద్దరికం పక్కకు తీసిపెట్టినవా అని అడిగేవాడు. ముందే తగ్గించి చెప్తే పోతుంది కదా, ఈ నాటకమంతా ఎందుకని ఒకసారి విసుక్కున్నాను. బాపుకు కోపం రాలేదు.

"వియ్యంకుల ముంగట ఆయన మాట నడవాలె బిడ్డా" అన్నాడు. "మనం అమ్మేది ఒక్క బట్టనే గాదు."

ఆ పెద్దమనుషులలో మా ఇంటి మనిషి లాంటి వాడు ఒకాయన ఉండేవాడు. నేను తాతా అని పిలిచేవాణ్ని. కల్వకుర్తికి అయిదారు మైళ్ల దూరంలో ఆయన ఊరు. ఉన్నది రెండెకరాల చెలక. వాన పడితే జొన్న, పడకపోతే ఏమీ లేదు. అయినా ఆ ఊళ్లో తగాదా తీరాలన్నా, సంబంధం కుదరాలన్నా ఆయనే ఉండాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఊరి ప్రతి పెండ్లినీ ఆయన మా దుకాణానికే తెచ్చాడు. వచ్చినప్పుడల్లా నాకు జేబులోంచి పుట్నాలు తీసి పెట్టేవాడు. నేను డిగ్రీ పాసై మహబూబ్‌నగర్ నుంచి తిరిగి వచ్చినప్పుడు కూడా పుట్నాలే పెట్టాడు, తిన్నాను.

తొంభైలలో బాపు మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుంటే లేవలేడు. దుకాణం నా చేతిలో పెట్టి తను వెనక గదిలో మంచం మీద ఉండేవాడు. అదే సమయంలో రోడ్డు మీద అద్దాల బీరువాల దుకాణాలు వచ్చాయి, రెడీమేడ్లు వచ్చాయి. మా ఎదురుగా ఒక భాయి బట్టల దుకాణం ఎప్పటి నుంచో ఉంది. నాకన్నా పదేళ్లు పెద్దవాడు, నన్ను తమ్మీ అనేవాడు. ఆయనది ఒకటే మాట. ధర చెప్తే చెప్పినట్టే, నచ్చితే తీసుకోవాలి, లేకపోతే లేవాలి. అందుకే పెండ్లిళ్లు ఆయన వైపు పోయేవి కావు. ఆయనతో నాకు భయం లేదు. రోడ్డు మీద వెలిగే కొత్త అద్దాలను చూస్తేనే భయం. బాపు కట్టిన దుకాణం నా చేతిలో మూతపడుతుందేమో అని రోజూ అనుకునేవాణ్ని.

అప్పుడు వచ్చాడు సారు. ఒక బడి హాల్లో సాయంత్రం పూట మూడు రోజులు వ్యక్తిత్వ వికాసం మీద క్లాసులని కరపత్రం పంచారు. సఫారీ సూటు, ఎర్ర అట్ట డైరీ, పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుండే తెలుగు. హాలులో టీచర్లు, బీమా ఏజెంట్లు, నాలాంటి దుకాణదారులు. మనందరిలో ఒక సింహం నిద్రపోతోంది అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే, నిద్రపోయేది ఉన్నమాట నిజమే అన్నాడు బాపు.

అయినా నేను పడిపోయాను. ఎందుకు పడిపోయానో ఇప్పుడు దాచను. ఆ సారు నన్ను 'గారు' అన్నాడు. కల్వకుర్తిలో నేను సావుకారి కొడుకును, లేకపోతే ఒరేయ్‌ను. చదువుకున్న పెద్దమనిషి ఒకడు నా కళ్లలోకి చూసి, గారూ, మీరు ఈ ఊరికి ఎక్కువ అంటే, ఆ మునగచెట్టు నేనే గబగబా ఎక్కాను. మూడో రోజున నన్ను పక్కకు పిలిచి, మీలాంటి వాళ్లకు విడిగా చెప్పాలి, ఆరు నెలలు మీ వెంట ఉండి నడిపిస్తాను అన్నాడు. దానికి ఫీజు వేరు. దుకాణం ముందర ఎండ పడకుండా రేకులు వేయించాలని దాచిన డబ్బు తీసి ఇచ్చాను. ఆ రేకులు తర్వాత ఎప్పటికీ వేయలేదు.

రెండు వారాలకు ఒక ఆదివారం వచ్చేవాడు. అబద్ధమెందుకు, కొన్ని మంచి మాటలూ చెప్పాడు. పాత సరుకును విడిగా పెట్టి ముందు అదే అమ్మమన్నాడు, అమ్ముడుపోయింది. చీకటి మూలలో ట్యూబులైటు వేయమన్నాడు, వేశాక ఆడవాళ్లు రంగు చూడటానికి చీర పట్టుకుని వీధిలోకి పోవడం తగ్గింది. అంతవరకు బాగుంది. మిగతా సమయమంతా ఆయన అడిగేవాడు, నేను చెప్పేవాణ్ని. అన్నీ ఎర్ర అట్ట డైరీలో రాసుకునేవాడు. మీ బలాన్ని తెలుసుకుంటే తప్ప మీ బలహీనత దొరకదు అనేవాడు.

పెద్దరికం గురించి చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. రెండు చాయ్‌లు చల్లారిపోయాయి. ఎవరు ముందు అడుగుతారు, బాపు ఎన్నిసార్లు కాదంటాడు, కలం మూత ఎప్పుడు పెడతాడు, తువ్వాల ఎవరు కప్పాలి, పెద్దమనిషి రాకపోతే ఏం చేస్తారు, ఇట్లా ప్రతిదీ తిప్పి తిప్పి అడిగాడు. ఏ ఊరికి పెద్దమనిషి ఎవరో కూడా అడిగాడు. బాపు మాటలు బాపు గొంతుతోనే చెప్పి చూపించాను. మా ఇంటి గుట్టు ఒక పట్నం మనిషికి ఇంత ముచ్చటగా ఉందా అని పొంగిపోయాను కూడా. నా అంత వెర్రివాణ్ని నేను మళ్లీ చూడలేదు.

తర్వాతి ఆదివారం తీర్పు చెప్పాడు. ఇదే మీ బలహీనత అన్నాడు. ముందు అబద్ధం ధర చెప్పి తర్వాత వెనక్కి తగ్గడమంటే మీ సరుకు మీద మీకే నమ్మకం లేనట్టు. పెద్దమనిషి ఎవరు, మీ ధర నిర్ణయించడానికి? పెద్ద నగరాల్లో పెద్ద దుకాణాలు ఒకే ధర మీద నడుస్తున్నాయి. తువ్వాలలు ఉచితంగా పంచడం ఆపండి. బోర్డు రాయించండి.

బోర్డు రాయించాను. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు: 'ఒకే ధర. బేరం లేదు.' దాంతో పాటు ఒక సాధన కూడా ఇచ్చాడు. రోజూ పొద్దున దుకాణం తెరవగానే అద్దం ముందు నిలబడి, నా ధర నా మాట, నా మాట మారదు అని పదకొండు సార్లు అనాలి. చీరలు చూసుకునే అద్దంలో నన్ను నేను చూసుకుంటూ అనేవాణ్ని. ఎదురు దుకాణం భాయి నాలుగు రోజులు చూసి, అయిదో రోజు వచ్చి, పంటి నొప్పా తమ్మీ, లవంగం పెట్టుకో అని పోయాడు.

బాపు గోడ పట్టుకుని మెల్లగా దుకాణంలోకి వచ్చి బోర్డు చదివాడు. రెండుసార్లు చదివాడు.

"దుకాణం నీకిచ్చిన, అడ్డం రాను. గని మంది బుద్ధితోని ఎన్నొద్దులు నడుపుతవ్ బిడ్డా?"

కాలం మారింది బాపూ అన్నాను. అది కూడా సారు నేర్పిన మాటే.

ఆ మాఘమాసంలో తాత వచ్చాడు. ఈసారి ఊళ్లో ఎవరి పెండ్లో కాదు, సొంత మనవరాలిది. పిల్లవాడి వాళ్లు ఆలంపూర్ వైపు వాళ్లు, కొంచెం ఉన్నవాళ్లు. మా దుకాణానికి కొత్త. వాళ్లు అక్కడే బట్టలు తీసుకుందామంటే తాత ఒప్పుకోలేదట. కల్వకుర్తిలో నా మాట నడిచే దుకాణం ఉందని వాళ్లను అంత దూరం నుంచి రప్పించాడు. ఆ సంగతి పెండ్లికొడుకు తల్లే చీరలు చూస్తూ నవ్వుతూ చెప్పింది. తాత ఆ రోజు ఉతికిన ధోతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు. భుజం మీద మాత్రం ఏమీ వేసుకోలేదు. తువ్వాల ఇక్కడ కప్పుతారని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం దాకా చీరలు చూశారు. నచ్చాయి. లెక్క కలిపాను. పెండ్లికొడుకు తండ్రి తగ్గించమన్నాడు. నేను బోర్డు చూపించాను. ఆయన మనసు కష్టపెట్టుకోకుండా తాత వైపు చూశాడు. మేనమామ అడిగాడు. మళ్లీ బోర్డు చూపించాను. గోడకు ఆనుకుని కూర్చున్న తాత ముఖం వెలిగిపోతోంది. ఆయనకు చదువు రాదు. నేను గోడ వైపు ఎందుకు చెయ్యి చూపిస్తున్నానో ఆయనకు పట్టలేదు. నేను కాదంటున్నానంటే, ఆయన వంతు కోసం దారి చేస్తున్నానని అనుకున్నాడు.

"మంచిగ నేర్చినవ్ బిడ్డా, అచ్చం మీ బాపు లెక్కనే కాదంటున్నవ్" అని నవ్వాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఇగ నా మాట మీద జర తీసెయ్యి."

అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. నా చేతిలో కలం ఉంది. మూత పెడితే చాలు. ఎదురుగా అద్దంలో నేను కనిపిస్తున్నాను. ఇప్పుడు ఇప్పుడు అని లోపల ఒకటే మాట. నీ మాట మారకూడదు, ఇదే పరీక్ష అని సారు గొంతు.

ఇప్పుడు ఒకే ధర తాతా, ఎవరికైనా ఇంతే అన్నాను.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆటలో ఒక అడుగు పెంచానని అనుకున్నాడు. మళ్లీ అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు నవ్వు ఆగింది. కొంచెం ముందుకు జరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"నేనే అడుగుతున్న బిడ్డా."

నేను లెక్క కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తలేదు. పెండ్లికొడుకు తండ్రి మంచివాడు, అదే ఇంకా ఘోరమైంది. పోనీలే మామా, ఈ రోజులలో ఎవరి మాట ఎవరు వింటున్నారు అని, తాత చెయ్యి పట్టుకుని లేపాడు. బట్టలు కొన్నారు. అడిగిన ధర ఇచ్చారు. తాత చెప్పులు వేసుకుంటూ ఒకసారి లోపలికి, వెనక గది తలుపు వైపు చూశాడు. బాపు అక్కడే మంచం మీద ఉన్నాడు. అంతా విన్నాడు. ఆ సాయంత్రం బాపు అన్నం తినలేదు.

తరువాతి ఆదివారం సారుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టి, అభినందనలు, మీరు గెలిచారు అన్నాడు. ఆ మాట విని నాకు కాస్త ధైర్యం వచ్చిందని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

తాత ఊరి నుంచి మళ్లీ పెండ్లి రాలేదు. పక్క ఊరి నుంచీ రాలేదు. పెద్దమనుషులు ఒకరికొకరు తెలిసిన వాళ్లే కదా. సారును అడిగితే, బలహీనమైన గిరాకీ రాలిపోతుంది, బలమైనది నిలుస్తుంది, ఓపిక పట్టండి అన్నాడు. పట్టాను. ఆరు నెలలు అయిపోయాయి. మీ శిక్షణ పూర్తయింది అని ఒక సర్టిఫికెట్ ఇచ్చాడు. దాన్ని నేను అద్దం పక్కన వేలాడదీశాను. ఈగలు వాలడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు.

మరుసటి ఏడాది ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం గిరాకీ లేక గుమ్మంలో నిలబడ్డాను. ఎదురుగా భాయి దుకాణం ముందు ఒక జీపు ఆగి ఉంది. లోపల పదిహేను మంది. భాయి దుకాణానికి పెండ్లి గుంపు రావడం నేనెప్పుడూ చూడలేదు. గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నది తాత. నేను నీడలోకి జరిగి నిలబడ్డాను. భాయి తల అడ్డంగా ఊపాడు. ఇంకెవరో అడిగారు, మళ్లీ ఊపాడు. చీరల మీద చెయ్యి వేశాడు, మడత పెట్టబోయాడు. తాత ఏదో అన్నాడు. భాయి కాసేపు ఆగి, కలానికి మూత పెట్టాడు. కొత్త తువ్వాల తీసి తాత భుజం మీద కప్పాడు.

మా బాపును ఇరవై ఏళ్లు ఎదురు నుంచి చూసి, ఇప్పుడు దొంగిలించాడు అనుకున్నాను. జీపు పోయేదాకా ఆగి, రోడ్డు దాటి వెళ్లి అదే అన్నాను. భాయి కోపం తెచ్చుకోలేదు. అర్థం కానట్టు చూసి, కూర్చోమని, అల్మారాలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీశాడు. నాలుగైదు టైపు కాగితాలు. పైన సారు పేరు, సారు చిరునామా. ఆయన కూడా ఫీజు కట్టాడు. నా శిక్షణ నడుస్తున్న రోజులలోనే కట్టాడు.

నాలుగో పాఠం పేరు పెద్దల గౌరవం. ముందు బంధువులు అడిగినప్పుడు నిరాకరించవలెను. పెద్ద వ్యక్తి అడిగినప్పుడు కొంత విరామం ఇచ్చి అంగీకరించవలెను. కలం మూత వేయుట మంచి సూచన. ఈ తగ్గింపును ముందుగానే పక్కకు తీసిపెట్టవలెను. కింద గీత గీసి ఒక వాక్యం ఉంది: 'మనం అమ్మేది వస్త్రం మాత్రమే కాదు.' మా బాపు మాటకు ఇస్త్రీ చేసి అమ్మాడు. ఆఖరి కాగితం మీద ఇంటికి పోయి పిలవవలసిన పెద్దమనుషుల పేర్లు, వాళ్ల ఊళ్ల పేర్లు. మొదటి పేరు తాతది.

ఇది నేను చెప్పిందే భాయీ, మా బాపు మాటలు ఇవి అన్నాను. భాయి కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఆయనకు నిజంగానే తెలియదు. తెలియదని ముఖమే చెప్పింది.

"నాకు ఒక్క మాట తెలిస్తే నీ దగ్గరికే వస్తుంటి తమ్మీ. చాయ్ తాగిపించి ఫుకట్ల చెప్తుంటివి."

అది నిజం. పైసా తీసుకోకుండా చెప్పి ఉండేవాణ్ని. మా రెండు దుకాణాల మధ్య ఉన్నది పది అడుగుల రోడ్డు. ఆ పది అడుగులు దాటించడానికి ఆ సారు ఇద్దరి దగ్గరా కూలి తీసుకున్నాడు. పైగా ఒకే ధర మీద నడిచే భాయికి బేరం నేర్పాడు, బేరం మీద బతికే నాకు ఒకే ధర నేర్పాడు. ఎవరి దగ్గర ఏది ఉంటే అది తప్పని చెప్పడమే ఆయన విద్య. నాది కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన బతుకు. ఊడిన నాలుక ఎదురింట్లో మాట్లాడుతోంది.

సారు ఆ నెల నల్లగొండలో క్లాసులు పెట్టాడని భాయే చెప్పాడు. ఆదివారం దేవరకొండ మీదుగా పోయే బస్సెక్కాను. పానగల్ పోయే రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు. వెనక వరుసలో కూర్చున్నాను. చొక్కా గల్లా పట్టుకుని అడగాలనే వెళ్లాను. సారు అదే సఫారీలో, అదే గొంతుతో ఒక కథ చెప్తున్నాడు. ఒక చిన్న ఊళ్లో ఒక యువ వ్యాపారి ఉండేవాడట. తాత లాంటి ఒక వృద్ధుడు వియ్యంకుల ముందు ప్రాధేయపడితే, బోర్డు చూపించి అవమానించాడట. చదువు ఉన్నంత మాత్రాన సంస్కారం రాదు అన్నాడు. హాలంతా అయ్యో అన్నది. నా పక్కన కూర్చున్న ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

లేచి నిలబడ్డాను. ఆ బోర్డు పెట్టించింది ఎవరు సారూ అని అడిగాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. కనురెప్ప కూడా కదలలేదు.

"చాలా మంచి ప్రశ్న. మీరే చెప్పండి. సలహాలు వంద మంది ఇస్తారు. ఆ కలానికి మూత పెట్టకుండా ఆపిన చెయ్యి ఎవరిది?"

నాది అన్నాను. నిజం కాబట్టి అన్నాను. హాలులో చప్పట్లు కొట్టారు. ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో చూడండి అని సారు కూడా కొట్టాడు. నా వేలితో నా కన్నే పొడిచి, ఆ మెచ్చుకోలు తను తీసుకున్నాడు. బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాను. కోపంతో ఏడుపు వచ్చింది. ఆయన మోసం చేశాడు, అది నిజం. ఆ చెయ్యి నాది, అదీ నిజం. ఈ రెండు నిజాలలో ఏ ఒక్కటి లేకపోయినా నాకు ఇంత కాలం నొప్పి ఉండేది కాదు.

ఇంటికి వచ్చి బోర్డు దింపాను. బాపుకు అంతా చెప్పాను. ముందు పటేల్ దగ్గరికి పో అన్నాడు బాపు. తన చేత్తో ఒక తువ్వాల ఎంచి, ఎర్రంచుది, సంచిలో పెట్టి ఇచ్చాడు.

తాత ఇంటి ముందు వేపచెట్టు కింద గొంగడి పరుచుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. చల్ల ఇప్పించాడు. బాపు మోకాళ్ల గురించి అడిగాడు. తప్పయింది తాతా, బోర్డు తీసేసిన, మళ్లీ మన దుకాణానికి రావాలె అన్నాను. తువ్వాల తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని విప్పి, అంచు తడిమి, మళ్లీ మడిచి నా సంచిలోనే పెట్టాడు.

"ఇది బేరమైనంక కప్పేది బిడ్డా. ఊకెనే ఎట్ల తీస్కుంట?"

కోపం లేదు తాతకు. కోపం ఉంటే కాళ్లు పట్టుకుని బతిమాలుకునేవాణ్ని. ఇప్పుడు నేను మీ దగ్గరికి ఒక పెండ్లి తెస్తే భాయి ఏమనుకుంటాడు అన్నాడు తాత. ఆయన నా మాట నిలబెట్టిండు, నేను ఆయనను విడిచిపెట్టి రావచ్చునా అన్నాడు. తాత స్థానంలో బాపు ఉన్నా అదే అనేవాడు. లేచి వస్తుంటే జేబులోంచి పుట్నాలు తీసి నా చేతిలో పోశాడు. తనకు తానే నవ్వుకుంటూ అన్నాడు.

"మొదలు కాదంటడు సూడు ఆ భాయి, అచ్చం మీ బాపు లెక్కనే అంటడు. ఎవలు నేర్పిండ్రో గని, మంచిగ నేర్పిండ్రు."

సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాను. బాపు మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఏమన్నాడని అడిగాడు. మనవరాలు బాగుందట, చల్ల ఇచ్చాడు, నీ మోకాళ్లకు ఆముదం రాయమన్నాడు, ఇక మన దగ్గరికి రాడట అని అన్నీ చెప్పాను. పుట్నాలు పోసి తాత అన్న ఆ చివరి మాట మాత్రం చెప్పలేదు. బాపు సంచిలోంచి తువ్వాల తీసి, మడత సరిచేసి, అల్మారాలో మిగతా వాటితో పాటు అమ్మకానికి పెట్టమని నా చేతికి ఇచ్చాడు.